వీరన్ తిన్న చక్కెర పొంగలి

మణి నోటి దగ్గర ముఖం పెట్టగానే ఆ వాసన తగిలింది. కుళ్ళు వాసన కాదు, పులుపూ కాదు. ఎద్దుల కొట్టంలో తడిసిన గడ్డి ఎత్తితే లేచే ఘాటులో తుప్పు పట్టిన ఇనుము కలిసినట్టు ఉంటుంది. ఆ వాసన నేను అంతకు ముందు ఒక్కసారే పీల్చాను. చిన్నప్పుడు, కారమడై పక్కన మా తోటలో, వీరన్ అనే కుక్క నోటి దగ్గర. నాకిప్పుడు ముఖాలు మరిచిపోయే వయసు వచ్చింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో పూటకోసారి ఇల్లంతా వెతుకుతాను. ముక్కు మాత్రం దేన్నీ మరిచిపోలేదు. కోయంబత్తూరులో మా వదిన ఇంటి వెనక వరండాలో, చల్లటి గచ్చు మీద చతికిలబడి, ఆ వాసన పీల్చిన క్షణంలోనే ఈ కుక్క బతకదని నాకు భయం పట్టుకుంది. పైకి మాత్రం "ఏమీ కాదులే వదినా, అజీర్తి" అన్నాను.

నా కాపురం మదురైలో. మేలూరు బడిలో తమిళం చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో మాట్లాడే తెలుగుని అక్షరాల్లో పెట్టడం నేర్చుకున్నది ఉద్యోగం వదిలాకే. నా రాతలో తప్పులు వెతికేవాళ్ళకి చేతినిండా పని దొరుకుతుంది, దొరకనివ్వండి. ఏటా పురట్టాసి నెలలో ఒక శనివారానికి మా అన్న ఇంటికి వస్తాను. ఈశాన్య వానలు మొదలయ్యే ముందు వచ్చే ఈ నెల మా వాళ్ళకి పెరుమాళ్ళ నెల. నెల పొడుగునా ఇంట్లో నీచు వండరు, శనివారాలు ఆయనకి తళిగ వేస్తారు, అంటే పొంగలీ పులిహోరా వండి ఆకుల్లో నైవేద్యం పెడతారు. ఈ ఏడు అన్న లేడు. వేసవిలో పోయాడు. అయినా గాంధీపురంలో బస్సు దిగి, ఆటోవాడితో రివాజు ప్రకారం పోట్లాడి, వచ్చాను. గేటు దగ్గర వదిన నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర మణి, అన్న పెంచిన కుక్క, గోధుమ రంగు నాటు కుక్క, నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని ఆటోలోకి తొంగి చూస్తోంది.

"ఏం రంగమ్మా, బస్సులో కూసోను తావు దొరికినదా?" అంది వదిన. ఆ వెంటనే, "ఇది దినామూ ఇంతే. ఏ ఆటో వండి నిలిచినా పోయి చూస్తాది, మీ అన్న దిగుతాడని" అంది.

అన్న పోయాక ఆ ఇంట్లో అన్న కోసం ఇంకా ఎదురు చూస్తున్నది ఆ కుక్కే. వదిన అది చూసే బతుకుతోంది. పొద్దున లేచి దానితో మాట్లాడుతుంది, దానికి పెట్టి తను తింటుంది, అది తినకపోతే తనకీ సహించదు. డాక్టరు రాసిచ్చిన గుళికల తిండి సంచీ ఒకటి వంటింటి మూల ఉంది. వదిన దాన్ని ఆట్టు పుళుక్కై అంటుంది, మేక పెంటికలు అన్నమాట. "వాసన చూడు, దీన్ని తిని ఏ ప్రాణి బతుకుతాది?" అని, గుప్పెడు గుళికల మీద పెరుగన్నం, పప్పు, ఒక్కోసారి తన పళ్ళెంలోని పొరియల్ వేపుడూ కలిపి పెడుతుంది. నేను నవ్వాను ఆ రోజు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కుక్కల తిండి విషయంలో మహా గట్టి మనిషి. తోటలో బావి పక్కన ఒక రాతి తొట్టి ఉండేది, అది కుక్కలది. పొద్దున అందులో రాత్రి మిగిలిన రాగి సంగటి గడ్డని మజ్జిగలో పిసికి పోసేది. ఆ పిసకడం ఎవరికీ వదిలేది కాదు. గడ్డ గట్టిగా ఉంటే కుక్క మింగేస్తుంది, కడుపులో రాయిలా కూర్చుంటుంది అనేది. మధ్యాహ్నం సజ్జ కూడో, జొన్న గంజో. కారం తగిలితే ముక్కు పోతుందని చారు కలిపిన అన్నం కుక్క దగ్గరికి రానిచ్చేది కాదు. తీపి పెడితే గజ్జి పడుతుందని, పండగ పూట మేం దాచి తెచ్చిన అచ్చు బెల్లం ముక్కని మా చేతుల్లోంచి లాక్కుని తన నోట్లో వేసుకునేది. ఆదివారం మేక కూర వండిన రోజు, ఎముకల్ని తను స్వయంగా ఏరేది. సన్నగా పగిలిన ముక్కలు తీసి పెంటలో పాతిపెట్టి, మోకాలి చిప్పల్లాంటి గట్టివి మాత్రం వీరన్‌కి వేసేది. మా తాత ఆమెని ఆటపట్టించేవాడు. "నాకు పెట్టేటప్పుడు ఇంత ఏరతావా?" అనేవాడు. "నీకు పళ్ళు ఎక్కడుండాయి ఏరను?" అనేది.

వీరన్ నల్లటి పెద్ద కుక్క, ఒక చెవి చిరిగి ఉండేది. తాత పొలంలోకి పోతే ముందు నడిచేది, ఆయన గట్టు మీద కూర్చుంటే వెనక కూర్చునేది. తాతకి చూపు మందగించాక ఆయన చేతికర్ర కంటే దాన్నే నమ్మాడు. పాము ఉందంటే ముందు దాని మెడ మీద వెంట్రుకలు లేచేవి. ఆ తోటలో పిల్లలం ఇంతమందిమి కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉండి పెద్దయ్యామంటే అది వీరన్ కాపలా అని మా అమ్మ చివరి దాకా అనేది. ఆ మాట నిజమే.

పురట్టాసి వస్తే అవ్వ కౌసు చట్టిని, అంటే మాంసం వండే మట్టి చట్టిని, కడిగి బూడిద రుద్ది, తాడు కట్టి దూలానికి వేలాడదీసేది. నెల తిరిగేదాకా అది కిందికి దిగదు. ఇంటికి ఉన్న నియమం కుక్కకీ ఉండేది. "ఈ ఇంటి ఉప్పు తినే అందరికీ వ్రతమే" అనేది అవ్వ. శనివారం తెల్లవారగానే పిల్లలం తలంట్లు పోసుకుని, నామం పెట్టిన రాగి చెంబులు పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి "గోవిందా" అని బియ్యం అడిగేవాళ్ళం. ఉన్న ఇంటి పిల్లలైనా ఆ రోజు అడుక్కోవాలి, అది మా వంశంలో కట్టుబాటు. ఆ బియ్యంతోనే తళిగ. వీరన్ మా వెంట వచ్చేది, నుదుటి మీద అవ్వ పెట్టిన నామంతో. తళిగ అయ్యేదాకా మాకు పచ్చి మంచినీళ్ళే, దానికీ అంతే. కర్పూరం వెలిగించగానే ఇంటికి పెద్దది గనక అవ్వే ముందు "గోవిందా" అని ఎత్తుకోవాలి, ఆ తర్వాతే మేం. మా అందరి గొంతులూ కలిసేసరికి బయట వీరన్ మోర ఎత్తి ఊళ పెట్టేది. అది విని అవ్వ కళ్ళు తుడుచుకునేది. ఏడాది పొడుగునా కుక్కకి తీపి ముట్టనివ్వని మనిషి ఆ పూట అరిటాకు వేసి, నెయ్యి కారే చక్కెర పొంగలి తొలి వడ్డన దానికి పెట్టేది. వ్రతం ఉన్న జీవికి ప్రసాదం పెట్టకపోతే వ్రతం తీరదని ఆమె లెక్క.

ఒక ఏడు మా మేనమామ తోటలో ద్రాక్ష విరగ కాసింది. బేరం కుదరక, కుళ్ళిపోతుందని, పందిరి మీది పళ్ళు కోసి చాపల మీద ఎండబెట్టించాడు. పురట్టాసికి మాకు ఒక మూట పంపించాడు. ఆ ఎండుద్రాక్ష వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎండకి కాగిన బెల్లం పాకం లాంటి వాసన. మా ఇంట్లో అంతవరకూ పొంగలిలో ఎండుద్రాక్ష అంటే వేళ్ళతో వెతుక్కోవాలి. ఆ శనివారం అవ్వ నేతిలో దోసిళ్ళతో వేయించి పోసింది. అవి ఉబ్బి, ఒక్కోటి గోలీకాయంత అయి, పొంగలి నల్లగా కనిపించింది. వీరన్ ఆకు నాకి, ఆకు కూడా తినేసింది. అది చూసి తాత చాలా సంతోషించాడు.

మర్నాడు అది కక్కింది. ఆ తర్వాత బావి తొట్టి దగ్గరే పడి ఉండి నీళ్ళు తాగింది, తాగినవీ కక్కింది. ఆ పైన లేవలేదు. అవ్వ వాము కషాయం పోసింది, మజ్జిగ తేట పోసింది, లంఖణం పరమౌషధమని తిండి ఆపింది, తులసి నీళ్ళతో దాని నోరు తుడిచింది. నేను దాని పక్కన పడుకుని మెడ మీద తల పెట్టుకున్నాను. అప్పుడే ఆ వాసన పీల్చింది. తరవాతి శనివారం రాకముందే, కొట్టంలో, తల కారమడై రంగనాథుడి గుడి గోపురం వైపు పెట్టి పోయింది. తాత ఆ రోజు అన్నం ముట్టలేదు. అవ్వ మాత్రం ఏడవలేదు. వచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది. "వ్రతముండి, ప్రసాదం తిని, రంగనాథుని దిక్కు చూసి పోయినాడు. మన కులంలో ఎవురికీ రాని సావు. పెరుమాళ్ళు పిలిచినాడు."

ఆ కథ మా ఇంట్లో పెరిగి పెద్దదైంది. పెళ్ళిళ్ళలో చెప్పుకున్నారు, చావు ఇళ్ళలో చెప్పుకుని ఓదార్చుకున్నారు. చెప్పగా చెప్పగా గోపురం మీద వెలుగు కనిపించిందనే దాకా పోయింది. మా అన్న కొత్త పెళ్ళికూతురికి, అంటే ఇప్పటి మా వదినకి, తొలిసారి తోట చూపిస్తూ చెప్పిన కథ ఇదే. అప్పటి నుంచి అన్న ఇంట్లో కుక్క ఉన్నన్నాళ్ళూ పురట్టాసి శనివారం దానికి నామం, ఆకు, తొలి వడ్డన తప్పలేదు. మిగతా ఏళ్ళలో నాలుగు ద్రాక్షలు పడేవి, కుక్కలు తినేవి, ఏమీ అయ్యేది కాదు. ఈ ఏడు అన్న లేని మొదటి పురట్టాసి. ఆయనకి పొంగలిలో ఎండుద్రాక్ష ప్రాణం. వదిన పొట్లం పొట్లమంతా నేతిలో పోసింది. మణి ఆకు నాకుతుంటే నేను పక్కనే నిలబడి, అచ్చం వీరన్‌లాగే తింటోందని మురిసిపోయాను.

మణి కక్కి పడిపోయాక తీసుకుపోయిన ఆస్పత్రిలో కుక్కల డాక్టరు చిన్న పిల్ల, మా మనవరాళ్ళ వయసు. తమిళంలోనే మాట్లాడింది. మణికి సెలైను ఎక్కుతోంది, వదిన లోపల దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అది ఆమె చెయ్యి వదిలితే మూలుగుతోంది. డాక్టరమ్మ నన్ను బయట బల్ల దగ్గర కూర్చోబెట్టి ఏం తిందని అడిగింది. ప్రసాదం అన్నాను. అందులో ఏమేం వేస్తారమ్మా అంది. బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష అని చెప్పుకుంటూ పోతున్నాను. ఆ పిల్ల ముఖం మారింది. "ఎవ్వళవు?" అని అడిగింది, ఎంత అని. దోసిలి పట్టి చూపించాను. ద్రాక్ష, పచ్చిదైనా ఎండుదైనా, కుక్క కిడ్నీలను చంపేస్తుందని చెప్పింది. కొన్ని కుక్కలు తిని తట్టుకుంటాయి, కొన్ని గుప్పెడుకే పడిపోతాయి, ఏది ఎలాంటిదో ముందుగా చెప్పలేం అంది. తిన్న వెంటనే తెచ్చి ఉంటే కక్కించేవాళ్ళం, ఇప్పుడు ఒంట్లో విషం దిగడానికి నీళ్ళు ఎక్కించడమే దారి, మూత్రం పోస్తే ఆశ ఉంటుంది అంది. ఉల్లిపాయ కూడా పెట్టకూడదని, ఉడికిన ఎముకలు గుచ్చుకుంటాయని, ఇంకా ఏవేవో చెప్పింది. నాకేమీ వినపడలేదు. కొట్టంలో గోపురం వైపు తల పెట్టుకున్న నల్ల కుక్క ఒక్కటే కళ్ళ ముందు ఉంది. అన్ని ఎముకలు ఏరిన చెయ్యి, సంగటి గడ్డని నలగ్గొట్టిన చెయ్యి, దానికి పెట్టింది విషం. దేవుడి పేరు చెప్పి పెట్టింది. అవ్వ మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపు వచ్చింది.

వదినకి చెప్పలేదు. ఎలా చెప్పను? అన్న మీద ప్రేమ కొద్దీ వేసిన ద్రాక్ష అన్న కుక్కని చంపుతోందని ఏ నోటితో చెప్పను? ముందు బతకనీ, బతికాక చెబుదాం అనుకున్నాను. రోజూ ఆస్పత్రికి తీసుకుపోయాం, రోజూ సెలైను పెట్టించి తెచ్చాం. ఆటో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, వదిన ఒక్కటే అడిగేది, "ఉచ్చ పోసిందా?" అని. నేను గుళ్ళో నిలబడి ఎన్నో కోరాను గానీ, ఒక కుక్క మూత్రం పోయాలని ఇంతగా మొక్కింది ఎప్పుడూ లేదు.

మణి ఏదీ ముట్టలేదు. వదిన పెరుగన్నం పెట్టింది, పాలు పెట్టింది, మా అవ్వ పద్ధతిలో సంగటి మజ్జిగలో పిసికి పెట్టింది. ఆ మేక పెంటికల్ని కూడా వేడి నీళ్ళలో నానబెట్టి అరిచేతిలో పెట్టుకుని, "తిను కన్నూ, ఇంక తిట్టనులే దీన్ని" అని బతిమిలాడింది. ఒక సాయంత్రం ఇంట్లో నాకు కోడి మాంసం ఉడికే వాసన వచ్చింది. పురట్టాసిలో, నామాల దీపం వెలుగుతున్న ఇంట్లో! వంటింట్లోకి పోయి చూస్తే వదిన అటక మీద దాచిన కౌసు చట్టి దింపి పొయ్యి మీద పెట్టింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ నియమం ఆమె ఒక్కసారి తప్పలేదు.

"ఏంది వదినా ఇది?" అన్నాను.

"కోడి రసం కాస్తాండాను. కొంజం నాకితే చాలు." ఆమె నా వైపు తిరగలేదు. "పెరుమాళ్ళకి ఒక నెల వ్రతం తప్పితే ఏమీ కాదు, దీనికి తిండి తప్పితే అవుతాది. ఆయనకి కోపం వస్తే నన్ను అడగమను, నేను చెప్పుకుంటా."

రసం ఆరబెట్టి, వేలితో మణి నాలుక మీద రాసింది. అది ఆమె వేలు నాకింది. రసం కోసం కాదు, వేలు ఆమెది కాబట్టి నాకింది. ఆ పైన తల వాల్చేసింది. మర్నాడు పొద్దున, ఎవరిదో ఆటో వీధిలో ఆగిన చప్పుడుకి చెవి ఒకటి లేచింది. లేవబోయింది. లేవలేకపోయింది. వదిన ఒళ్ళోనే పోయింది.

 ఆమె దాని నుదుటి మీద చెరిగిపోయిన నామాన్ని వేలితో తడిమి, "పెరుమాళ్ళు పిలిచినాడు రంగమ్మా. వీరన్‌ని పిలిచిన మాదిరే" అంది. "మీ అన్నకి తోడు పంపినాను అనుకుంటా. పావం, ఆయన ఒంటిగా ఉండాడు." ఫోనులో బంధువులకి అదే చెప్పింది. చెప్పే కొద్దీ ఆమె గొంతు తేరుకుంది. అవ్వ కథలో ఎంత బలం ఉందో ఆ పూట చూశాను. దాన్ని పట్టుకుని ఒక మనిషి నిజంగా లేచి కూర్చుంది, కాస్త గంజి కూడా తాగింది. ఇక నేను నోరు విప్పకపోతే సరి, మదురై బస్సెక్కి పోవచ్చు అనుకున్నాను.

పోనివ్వలేదు వదిన. ఆఖరి శనివారం దాకా ఉండమంది. ముందు రోజు మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని సామాన్లు డబ్బాల్లో పోస్తోంది. కొత్త ఎండుద్రాక్ష పొట్లాలు, ఒకటి కాదు, వరసగా పెట్టి ఉన్నాయి.

"ఇన్ని ఏంటికి వదినా?"

"ఈ వీధిలో ఎన్ని కుక్కలు తిరగతాండాయి? అన్నిటికీ మణి పేరున ఆకు వేస్తా. పెద్ద అండాలో చేసేస్తాం."

ఒక పొట్లం ఆమె చేతిలో ఉంది. పక్క వీధిలో ఈనిన కుక్క ఒకటి పిల్లలతో మా గేటు దగ్గర పడుకుంటోంది, ఆ పిల్లలు నా కళ్ళలో మెదిలాయి. "ద్రాచ్చ వేయొద్దు" అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, మెత్తన చేయకుండా, చుట్టూ తిప్పకుండా చెప్పాను. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు.

వదిన చేతిలో పొట్లం కింద పెట్టింది. "ఎప్పుడు చెప్పింది నీకు?"

"మొదటి దినమే."

"అప్పుడు వీరన్?"

తెలీదు అనొచ్చు. డాక్టరమ్మ కూడా ఆ కుక్కని చూడలేదు. కానీ ఆమె నా ముఖంలోకే చూస్తోంది. "దాని నోట్లోనూ ఇదే వాసన" అన్నాను.

"అవ్వకి తెలుసునా?"

"తెలీదు వదినా. తెలీకుండానే పోయింది."

"మీ అన్నకీ తెలీదు." ఆమె చేతులు చీర కొంగుతో తుడుచుకుంది, తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది. "పుణ్యం చేసుకున్నారు. నాకేంటికి చెప్పినావు రంగమ్మా?"

నా దగ్గర జవాబు ఉంది. ఆ కుక్కపిల్లలు జవాబు. మళ్ళీ అడిగినా మళ్ళీ చెబుతాను. కానీ ఆ ముఖం చూసి, ముందు ఆ పొట్లాలు ఏరి పక్కన పెట్టాను. మా అవ్వ కాలంలో మాకు ఏమీ తెలిసేది కాదు, కుక్క చస్తే చెప్పుకోవడానికి ఒక దేవుడు ఉండేవాడు. ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి, అడిగితే ఫోను కూడా చెబుతుంది. తెలిశాక ఏం పట్టుకుని బతకాలో మాత్రం ఎవరూ చెప్పరు.

శనివారం వదినే వండింది. పొంగలిలో జీడిపప్పు మాత్రం వేసింది. వీధి కుక్కలకి గేటు బయట ఆకుల్లో వట్టి పెరుగన్నం, ఉప్పు కూడా లేకుండా, మెత్తగా పిసికి పెట్టింది. ఈనిన కుక్క పిల్లల్ని వెంటేసుకుని వచ్చి గబగబా తింటోంది. లోపల పెరుమాళ్ళ ముందు ఆకు పరిచి, కర్పూరం వెలిగించాను. పక్కింటివాళ్ళు, వచ్చిన చుట్టాలు, చేతులు జోడించి వదిన వైపు చూశారు. ఇంటికి పెద్దది ఆమె, ముందు ఆమే ఎత్తుకోవాలి. ఆమె పెదవులు కదల్లేదు. కర్పూరం పళ్ళెంలో నల్లటి మచ్చగా ఆరిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరూ గోవిందా అనలేదు.